ఇసుకలో దొరికిన ముద్ద

ప్రశ్న: మేడమ్, నవంబరు వానల తర్వాత తూపిలిపాళెం తీరంలో, ఇసుక దిబ్బ మీది జామాయిల్ తోపులో బంగాళదుంపలాంటి గోధుమ రంగు ముద్ద దొరికింది. గొడుగు లేదు. ఇంటికి తెస్తే బల్లంతా గోధుమ రంగు పొడి రాలింది. ఇది పుట్టగొడుగేనా? వండుకోవచ్చా? – ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: పుట్టగొడుగేనమ్మా, కానీ వండొద్దు. నిలువుగా కోసి మీరు తీసిన ఫొటో చూడగానే నాకు టెన్షన్ తగ్గింది, అంత స్పష్టంగా ఉంది. కింది భాగంలో నల్లటి జిగురులో సగ్గుబియ్యం పొదిగినట్టు పసుపు గింజలున్నాయి చూశారా? ఒక్కో గింజ నిండా సిద్ధబీజాలే, అంటే పుట్టగొడుగుకు విత్తనాల్లాంటివి. పైనుంచి వరుసగా పగిలి పొడి అవుతాయి. మీ బల్ల మీద రాలింది అదే. ఇది పిసోలిథస్. దీని చుట్టం స్క్లెరోడెర్మాను కోస్తే ఇలా విడివిడి గింజలు కనబడవు, లోపలంతా ఒకటే నల్లటి ముద్ద. అది తింటే వాంతులు ఖాయం.

చెట్టు పేరు రాసి చాలా మంచి పని చేశారు. పిసోలిథస్ జామాయిల్ వేళ్లను అల్లుకుని, ఇసుకలోంచి నీరు, భాస్వరం లాగి చెట్టుకిస్తుంది, బదులుగా చక్కెర తీసుకుంటుంది. పిసోలిథస్‌లో ఏ జాతో తేలాలంటే మైక్రోస్కోపు, డీఎన్ఏ పరీక్ష కావాలి. అందుకని పారేయకండి. బాగా ఎండబెట్టి, తేదీ, చోటు రాసి కాగితం కవర్లో దాచండి. ప్లాస్టిక్‌లో పెడితే బూజు పడుతుంది.