నాన్న బ్యాటరీ బండికి గడ్డి మిషను ఇంజను పెట్టొచ్చా?

ప్రశ్న: మా నాన్నకి చిన్నప్పుడే పోలియో వచ్చింది, మూడు చక్రాల బ్యాటరీ బండి మీద మా కిరాణా కొట్టుకి వెళ్లొస్తుంటారు. ఛార్జింగ్ 20 కిలోమీటర్లకే అయిపోతోంది, మధ్యలో ఆగితే ఎవరో ఒకరు తోయాలి. నేను ఐటీఐ ఫిట్టర్‌ని. గడ్డి కోసే మిషను ఇంజనుకి డైనమో కట్టి సీటు కింద పెడదామనుకుంటున్నా, నడుస్తూనే ఛార్జ్ అవుతుంది. 25 సీసీ లోపైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదంటున్నారు, నిజమేనా?

జవాబు: సగం నిజం అండి, చిక్కంతా ఆ సగంతోనే. మోటారు వాహనాల చట్టం 2(28)లో నాలుగు చక్రాల కన్నా తక్కువ ఉండి ఇంజను 25 సీసీ దాటకపోతే అది మోటారు వాహనం కాదు అని ఉన్నమాట వాస్తవమే. కానీ ముందు మీ మిషను మీద సీసీ ఎంతుందో చూడండి, బజార్లో దొరికేవాటిలో 52 సీసీవి చాలా ఉంటాయి, అలాంటిదైతే ఇక చర్చే లేదు.

సరే 25 లోపే దొరికింది అనుకుందాం. మీ నాన్నగారి బండికి ఇప్పుడు రిజిస్ట్రేషన్ లేకుండా నడుస్తోందంటే అది వేరే మినహాయింపు వల్ల, కేంద్ర మోటారు వాహనాల రూల్స్ 2(యు) వల్ల. మోటారు 250 వాట్ల లోపు, స్పీడు గంటకి 25 కిలోమీటర్ల లోపు, ఇంకో ఒకట్రెండు షరతులు. ఆ రూల్లో అసలు మాట ఏంటంటే బండి కేవలం కరెంటు మోటారుతోనే నడవాలి, ఆ కరెంటు కూడా కేవలం బ్యాటరీ నుంచే రావాలి. ఇంజను బ్యాటరీనే కదా ఛార్జ్ చేసేది, చక్రానికి తగలట్లేదు కదా అని మీరనొచ్చు, కోర్టులో నేనూ అదే వాదిస్తాను, వాదన బాగానే ఉంటుంది కూడా. కానీ ఎండలో రోడ్డు మీద బండి ఆపిన ఎంవీఐకి (రవాణా శాఖ మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌కి) సీటు కింద సైలెన్సరు కనపడుతుంది, మీ వాదన కనపడదు. మోటారు వాహనమే అని ఆయన రాస్తే రిజిస్ట్రేషన్ లేనందుకు 5 వేల వరకు, ఇన్సూరెన్స్ లేనందుకు మొదటిసారి 2 వేలు. పోనీ రిజిస్టర్ చేయించుకుందాం అన్నా కుదరదు, ఫారం 20తో పాటు అమ్మినవాళ్ల ఫారం 21, తయారుచేసినవాళ్ల ఫారం 22 అడుగుతారు, ఇంట్లో వెల్డింగ్ చేసిన బండికి అవి ఎవరిస్తారు? హైబ్రిడ్ కిట్లు ఉన్నాయి అని చూపిస్తారు కొందరు, అవి టెస్టింగ్ ఏజెన్సీ పాస్ చేసిన కిట్లు, అధీకృత వర్క్‌షాపులోనే బిగించాలి.

ఫైన్ల సంగతి కూడా పక్కన పెట్టండి. కొట్టు దగ్గర మలుపులో ఎవరికైనా తగిలి కాలు విరిగిందనుకోండి, ఇన్సూరెన్స్ కంపెనీయే లేదు కాబట్టి పరిహారం మొత్తం మీ ఇంట్లోంచే, పైగా పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ, వేడెక్కిన సైలెన్సరు మూడూ ఒకే సీటు కింద, ఆ సీటు మీద గబుక్కున దిగలేని మనిషి. లాయర్‌గా కాదు, నాకే గుండె ఝల్లుమంటుంది.

నా సలహా వేరే. ఆర్సీ సరిగ్గా ఉన్న మామూలు స్కూటరు, సెకండ్ హ్యాండ్‌దైనా పర్లేదు, నాన్నగారి పేరు మీదకి మార్పించి సైడ్ వీల్స్ వేయించండి. మామూలుగా బండిలో కంపెనీ ఇచ్చినదానికి తేడాగా మార్పు చేస్తే ఒక్కో మార్పుకి 5 వేలు లేదా ఆరు నెలల దాకా జైలు, కానీ 2019 సవరణలో 52(2) కింద దివ్యాంగుల బండికి ప్రత్యేకంగా దారి పెట్టారు, ముందు మార్పించుకుని తర్వాత ఆర్టీఓ అనుమతి తీసుకోవచ్చు. మార్చాక 14 రోజుల్లోపు ఆర్సీ పట్టుకుని వెళ్లి రాయించుకోండి, దాన్ని మాత్రం వాయిదా వేయకండి. సైడ్ వీల్స్ వేయించి ఆర్సీలో ఎక్కించకుండా ఏళ్లు తిరిగేవాళ్లని చూస్తూనే ఉంటాను, యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లు మొదట తీసేది ఆ పాయింటే. లైసెన్సు కూడా ఆ రకం బండికే తీసుకోవాలి. సదరం లాంటి వైకల్య ధ్రువపత్రం ఉంటే దివ్యాంగుల శాఖలో మూడు చక్రాల మోటారు బండికి కూడా దరఖాస్తు పెట్టి ఉంచండి, వస్తే ఖర్చు తప్పుతుంది.

ఈలోపు అదే ఇంజను, డైనమో ఇంటి బయట గాలి ఆడేచోట పెట్టుకుని కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఛార్జ్ చేసుకోండి, దానికి ఏ ఆర్టీఓ అడ్డు రాడు. ఇంకొకటి, ఇప్పుడున్న బండి మోటారు మీద చిన్న రేకు ఉంటుంది, దాని మీద ఎన్ని వాట్లు అని ఉందో చూసి నాకు రాయండి, 250 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఇంజను మాట దేవుడెరుగు, ఇప్పుడు నడుపుతున్న బండికే రిజిస్ట్రేషన్ కావాల్సి ఉంటుంది.