ఎంపీ గారు పార్లమెంటులో మాట్లాడారు, ఆ మాట కోర్టులో చెల్లుతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది ఎచ్చెర్ల నియోజకవర్గంలో ఒక పల్లె. మా సబ్ పోస్టాఫీసులో ముగ్గురు ఉండాల్సిన చోట చాలాకాలంగా ఒక్కరే పని చేస్తున్నారు. ఆర్డీ, సుకన్య, ఆధార్, స్పీడ్ పోస్టు అన్నీ ఆయన నెత్తినే. పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరు గారు డెప్యుటేషన్ మీద వేరేచోటికి వెళ్లి, ఇక్కడికి వారంలో రెండు రోజులే వస్తున్నారు. ఈ ఖాళీల గురించి ఉత్తరాంధ్ర ఎంపీ ఒకరు లోక్‌సభలో మాట్లాడిన వీడియో వాట్సాప్‌లో తిరిగింది. మంత్రి గారు 'చూస్తాం' అన్నారట. ఇంతవరకూ కదలిక లేదు. ఆ మాట పట్టుకుని హైకోర్టుకి వెళ్లొచ్చా?
– ఒక రిటైర్డ్ టీచరు

జవాబు: వెళ్లొచ్చు మాస్టారూ, కానీ ఆ వీడియో ఒక్కటి చేతిలో పెట్టుకుని మాత్రం వద్దు. మంత్రి సభలో 'చూస్తాం' అన్నంత మాత్రాన మీ ఊరికి పోస్టల్ అసిస్టెంటుని వేయమని హైకోర్టు ఆర్డరు ఇవ్వదు. అయితే ఆ మాటని సరైన చోట వాడితే పని జరిగే అవకాశం ఉంది.

ముందు సభలో అసలు ఏం జరిగిందో తేల్చుకోండి. జీరో అవర్‌లో, అంటే సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయంలో, ఎంపీ మాట్లాడితే, మంత్రి అక్కడికక్కడ బదులు చెప్పి తీరాలని ఏమీ లేదు. లోక్‌సభ 377వ నిబంధన కింద ముందే రాసిచ్చిన విషయాన్ని చదివితే, జవాబు తర్వాత ఉత్తరంగా ఆ ఎంపీకి వెళ్తుంది. ప్రశ్నగా వేస్తేనే మంత్రి సభకి జవాబు ఇవ్వాలి. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకి నోటితో చెబుతారు, గుర్తు లేనిదానికి రాసి ఇస్తారు. మీ క్లిప్పులో ఎంపీ గారి గొంతే ఉండి మంత్రి కనిపించకపోతే, ఆ 'చూస్తాం' ఫార్వర్డ్ చేసినవాళ్లు కలిపిందే కావచ్చు. లోక్‌సభ వెబ్‌సైటులో తేదీ, సభ్యుడి పేరు కొట్టి వెతకండి. దొరికిన పాఠాన్ని ప్రింటు తీసి పెట్టుకోండి.

మంత్రి నిజంగానే 'చూస్తాను' అనో, 'పరిశీలనలో ఉంది' అనో అని ఉంటే మాత్రం వదలకండి. ఇలాంటి మాటల్ని హామీలుగా లెక్కగట్టడానికి పార్లమెంటులో ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. హామీ ఇచ్చిన శాఖ మామూలుగా మూడు నెలల్లో దాన్ని నెరవేర్చాలి, లేదా గడువు పొడిగించమని కమిటీని అడగాలి. మన రాజకీయాల్లో 'చూస్తాం' అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు గానీ, అక్కడ ఆ మాటకీ ఒక ఖాతా తెరుస్తారు! గడువు దాటితే ఆ సంగతి మీ ఎంపీకి రాయండి, హామీ ఏమైందని అడిగే దారి ఆయనకి ఉంది.

ఇంతకీ మీ ఎంపీ ఎవరో చూసుకోండి. మీది శ్రీకాకుళం జిల్లాయే అయినా, ఎచ్చెర్ల సెగ్మెంటు విజయనగరం లోక్‌సభ స్థానంలో ఉంది. కాబట్టి మీ కాగితం వెళ్లాల్సింది విజయనగరం ఎంపీకి. శ్రీకాకుళం ఎంపీ 2024 జూన్ నుంచి కేంద్ర మంత్రి. మంత్రులు సభలో జవాబులు చెప్పే వైపు ఉంటారు, ప్రశ్నలు వేయరు.

మీ రెండు సమస్యలనీ ఒకే అర్జీలో కలపొద్దు. తపాలా కేంద్ర జాబితాలో ఉంది, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. పీహెచ్‌సీ డాక్టరు సంగతి పార్లమెంటులో అడిగితే 'అది రాష్ట్రం పరిధి' అన్న జవాబే వస్తుంది. దానికి ఎమ్మెల్యే ద్వారా అసెంబ్లీలో అడిగించాలి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లోనూ అర్జీ ఇవ్వాలి.

కోర్టుకి వచ్చేసరికి బలాబలాలు తారుమారవుతాయి. ఖాళీ ఉంది గనక నింపి తీరాలన్న బాధ్యత ప్రభుత్వానికి లేదనీ, అలాగని ఇష్టారాజ్యంగా వ్యవహరించకూడదనీ శంకరసన్ దాస్ కేసులో (1991) సుప్రీంకోర్టు చెప్పింది. అది ఉద్యోగం కోసం అభ్యర్థి వేసిన కేసే, కానీ మీ పోస్టాఫీసు కేసులో ప్రభుత్వ లాయరు మొదట తీసేది దాన్నే. పీహెచ్‌సీ విషయంలో మీ పక్షం కాస్త గట్టిది. అత్యవసర వైద్యం అందించడం ప్రభుత్వ బాధ్యత, డబ్బు లేదన్నది సాకు కాదని పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో (1996) అదే కోర్టు 21వ అధికరణం (జీవించే హక్కు) కింద తేల్చింది. అంటే పార్లమెంటులో అడగడానికి వీల్లేని సమస్యే కోర్టులో ఎక్కువ నిలబడుతుంది.

సభలో మాట్లాడిన ఎంపీ మీద గానీ, జవాబు చెప్పిన మంత్రి మీద గానీ ఆ మాటల కోసం కేసు వేయలేరు, 105వ అధికరణం అడ్డు. ఖాళీలు ఉన్నాయని ప్రభుత్వం ఒప్పుకుందని చూపడానికి మాత్రం మంత్రి జవాబుని రిట్‌కి (హైకోర్టులో వేసే పిటిషన్‌కి) జతచేయొచ్చు. పార్లమెంటరీ కమిటీ నివేదికలను కోర్టులు చూడొచ్చని, వాటి తప్పొప్పులు మాత్రం ఎంచకూడదని కల్పనా మెహతా కేసులో (2018) రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

అయితే 'ముందు అధికారిని అడిగారా?' అన్నది జడ్జి గారి మొదటి ప్రశ్న. అందుకే ఇప్పుడే ఆర్టీఐ వేయండి. 'ఎందుకు నింపలేదు' అని అడిగితే దాటేస్తారు. మంజూరైన పోస్టులెన్ని, పని చేస్తున్నవారెందరు, ఏ తేదీ నుంచి ఖాళీ, డెప్యుటేషన్ ఉత్తర్వు కాపీ ఇవ్వండి అని రికార్డు అడగండి. పోస్టాఫీసుకైతే తపాలా డివిజన్ సూపరింటెండెంటు కార్యాలయానికి, పీహెచ్‌సీకైతే డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) కార్యాలయానికి పంపండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. ఆ ఫీజుకి పోస్టల్ ఆర్డరు కొనడానికీ మీరు ఆ ఒక్కాయన కౌంటరు ముందే నిలబడాలి, తప్పదు. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.

లెక్క చేతికొచ్చాక, ఆ అంకెలతో ఊరివాళ్లందరి సంతకాలు పెట్టించి రెండు శాఖలకీ విడివిడిగా వినతిపత్రాలు స్పీడ్ పోస్టులో పంపండి, రసీదులు దాచండి. తపాలా ఫిర్యాదుని కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో కూడా పెట్టండి, అక్కడ గడువు 21 రోజులు. ఉత్తరం ఆలస్యమై ఎవరికైనా సొంతంగా నష్టం జరిగి ఉంటే అది వేరే దారి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో శాశ్వత లోక్ అదాలత్ గురించి అడగమనండి, తపాలా సేవల వివాదాలు దాని పరిధిలోకి వస్తాయి, కోర్టు ఫీజు ఉండదు. కొత్తగా స్టాఫుని వేయమనడం మాత్రం దాని చేతిలో లేదు.

వినతికి స్పందన లేకపోతే 226వ అధికరణం కింద రిట్ వేద్దాం. ఫలానా గడువులోగా వినతిపై నిర్ణయం తీసుకోండి అన్న ఆదేశం తేలిగ్గానే వస్తుంది, అంతకు మించి ఆశించాలంటే పీహెచ్‌సీ మీదే ఆశించాలి. ఆర్టీఐ జవాబు రాగానే కాపీ నాకు పంపండి. రిట్‌కి సరిపడా సరుకు ఉందో లేదో చూసి, ఆ తర్వాతే అమరావతి ప్రయాణం పెట్టుకుందాం.