ఆడిషన్‌లో సీటు రాకపోయినా పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ గవర్నమెంట్ హైస్కూల్‌కి పంపొచ్చా?

మీ ప్రశ్న చదవగానే ఎనిమిదేళ్ల కింద నేను పడ్డ టెన్షన్ గుర్తొచ్చింది. మీరు సిడ్నీలో తీసుకున్న ఇల్లు పెర్ఫార్మింగ్ ఆర్ట్స్‌కి పేరున్న గవర్నమెంట్ హైస్కూల్ క్యాచ్‌మెంట్‌లో, అంటే ఆ స్కూల్‌కి కేటాయించిన హద్దుల్లో, పడింది. పాప ఇయర్ 5, కూచిపూడి నేర్చుకుంటోంది. చుట్టూ ఉన్న మనవాళ్ల పిల్లలంతా సెలెక్టివ్ (పరీక్ష రాసి చేరే గవర్నమెంట్ స్కూళ్ల) కోచింగ్‌లో ఉన్నారు. ఆడిషన్‌లో రాకుండా లోకల్‌గా చేరితే పాపని తక్కువగా చూస్తారా, చదువు పాడవుతుందా, చిన్నవాడికి ఆర్ట్స్ అంటే ఆసక్తే లేదు కదా, వాడికి ఆ స్కూల్ ఎందుకు అని అడిగారు.

పంపండి. మా ఇద్దరూ అలాంటి స్కూల్లోనే చదివారు, ఇద్దరూ లోకల్ పిల్లలుగానే. స్కూల్ పేరు మాత్రం రాయను, మంచితో పాటు నచ్చనిదీ చెప్పాలి కాబట్టి.

ముందు ఒక్క విషయం. న్యూ సౌత్ వేల్స్‌లో ఇలాంటి గవర్నమెంట్ స్కూళ్లన్నీ ఒక పద్ధతిలో ఉండవు. న్యూకాసిల్‌లోని హంటర్ స్కూల్ ఆఫ్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్‌లో ఇయర్ 3 నుంచి 12 దాకా ఆడిషన్‌తోనే సీటు. సిడ్నీలో న్యూటౌన్ హైస్కూల్ ఆఫ్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ అలా కాదు, అక్కడ ఆడిషన్‌లో వచ్చినవాళ్లూ ఉంటారు, చుట్టుపక్కల వీధుల పిల్లలూ ఉంటారు. మీది ఈ రెండో రకం. క్యాచ్‌మెంట్‌లో నిజంగా కాపురం ఉంటే సీటు మీ హక్కు. ఆడిషన్ అనేది దూరం నుంచి వచ్చేవాళ్లకీ, ప్రత్యేకంగా ఆ ప్రోగ్రామ్‌లో చేరాలనుకునేవాళ్లకీ.

మా అమ్మాయి ఆడిషన్‌కి వెళ్లింది. డాన్స్‌కి. నాలుగేళ్ల కూచిపూడి ఉంది కదా, తప్పకుండా వస్తుందని మా ఇంట్లో అందరి నమ్మకం. ముందు ఒక జతి చేసి చూపించింది, బాగానే చేసింది. తర్వాత టీచర్ అదే జతిని "రోజంతా పనిచేసి ఒళ్లు అలిసిపోయిన మనిషిలా చెయ్యి" అన్నారట. పిల్ల అక్కడే ఆగిపోయింది. అరమండి (మోకాళ్లు వంచి నిలబడే భంగిమ) వదిలేస్తే తప్పు, అడుగు జారితే తప్పు అని నేర్చుకున్న పిల్లకి నడుము వంచి, చేతులు వేలాడేసి అదే తాళం వెయ్యమంటే ఏం చెయ్యాలో తోచలేదు. కారులో ఇంటికి వస్తూ "అమ్మా, వాళ్లు అడిగింది డాన్స్ కాదు, ఇంకేదో" అంది. సీటు రాలేదు. వారం రోజులు సరిగా అన్నం తినలేదు.

లోకల్‌గా చేరింది. మొదటి ఏడాది కష్టంగానే గడిచింది, అది దాచను. ఆడిషన్‌లో వచ్చిన పిల్లలు కొన్ని పీరియడ్లకి విడిగా వెళ్లేవారు. "నువ్వు ఆడిషన్ పిల్లవా, లోకల్ పిల్లవా" అని పిల్లలే ఒకరినొకరు అడుక్కునేవారు. ఒక ప్రదర్శనకి పేర్లు తీసుకునేటప్పుడు లోకల్ పిల్లల్ని అసలు అడగనే లేదు. నేను ఇయర్ అడ్వైజర్‌కి (ఆ తరగతి పిల్లల బాగోగులు చూసే టీచర్‌కి) మెయిల్ రాశాను, కోపంగా కాదు, జరిగింది జరిగినట్టు. తర్వాతి టర్మ్ నుంచి అందరికీ నోటీసు పెట్టారు. మీకూ అలాంటిది ఎదురైతే ఊరుకోకండి. ఇది మన పిల్లల స్కూలే, అక్కడ మనం చుట్టాలం కాదు.

కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. మామూలు హైస్కూల్లో కూడా మ్యూజిక్, విజువల్ ఆర్ట్స్ తప్పనిసరి సబ్జెక్టులే, ఒక్కోటి 100 గంటలు. డాన్స్, డ్రామా మాత్రం ఎలెక్టివ్‌లు, అంటే ఇష్టమైతేనే తీసుకునేవి. తీసుకునే పిల్లలు సరిపడా లేకపోతే చాలా స్కూళ్లు ఆ క్లాసు పెట్టవు. ఇలాంటి స్కూల్లో ఆ సమస్య రాదు. ఇయర్ 9లో మా అమ్మాయి డాన్స్ ఎలెక్టివ్ తీసుకుంది, ఎవరూ ఆడిషన్ అడగలేదు. మంచి ఫ్లోర్ ఉన్న స్టూడియో, డాన్స్‌లో డిగ్రీ చేసిన టీచర్లు, అదీ టైమ్‌టేబుల్‌లోనే. బయట డాన్స్ స్టూడియోలో టర్మ్‌కి ఎంత కడుతున్నామో మనకి తెలుసు. ఇక్కడ అది సైన్సు పీరియడ్ తర్వాత వచ్చే పీరియడ్. ఇయర్ 8లో స్కూల్ తరఫున స్కూల్స్ స్పెక్టాక్యులర్‌లో కూడా చేసింది. 1983 నుంచి జరుగుతున్న గవర్నమెంట్ స్కూళ్ల పండుగ అది. వేల మంది పిల్లలు ఒలింపిక్ పార్క్ అరీనాలో ఒకేసారి అడుగు వేస్తుంటే, అందులో మన పిల్ల ఎక్కడుందో కనపడకపోయినా కళ్లలో నీళ్లు వచ్చేస్తాయి.

ఇయర్ 12లో హెచ్‌ఎస్‌సీకి (స్కూల్ చదువు చివర రాష్ట్రమంతా రాసే పరీక్షకి) డాన్స్ ఒక సబ్జెక్టుగా రాసింది. అందులో కంపోజిషన్ అని ఒక భాగం ఉంటుంది. స్టూడెంట్ ఒక సోలో తయారుచెయ్యాలి, కానీ తను చెయ్యకూడదు, ఇంకొకరికి నేర్పి చేయించాలి. ఆ సంవత్సరం మా అమ్మ తెనాలి నుంచి విజిటర్ వీసా మీద వచ్చి ఉంది. పొద్దున్నే లేచి డ్రైవ్‌వే మీద బియ్యప్పిండితో ముగ్గు వేసేది. మా అమ్మాయి ఫోన్ పట్టుకుని ఆవిడ చేతినే వీడియో తీసేది. బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి పిండి జారడం, చుక్క దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగడం, గీత తిరిగేచోట మణికట్టు కాకుండా భుజం కదలడం. ముగ్గు అయ్యాక నడుము మీద చెయ్యి వేసుకుని లేవడం. దాన్నే సోలో చేసి వియత్నాం కుటుంబం నుంచి వచ్చిన తన ఫ్రెండ్‌కి నేర్పింది.

స్కూల్లో పేరెంట్స్ కోసం ఒక సాయంత్రం వేశారు. మా అమ్మ మొదటి వరుసలో కూర్చుంది. ఇంగ్లిష్ రాదు, ప్రోగ్రామ్ కాగితంలో ఏం రాశారో తెలియదు, మేమూ ముందు చెప్పలేదు. ఆ అమ్మాయి వంగి, చెయ్యి చాచి, ఆగి, మళ్లీ కదిలింది. చివర్లో నడుము మీద చెయ్యి వేసుకుని లేచింది. మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని "అది నేనే కదే" అంది.

ఇయర్ 6 ఆడిషన్‌లో ఆ టీచర్ అడిగింది ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. అలిసిపోయిన మనిషి ఒంట్లో తాళం ఎలా ఉంటుందో మా పిల్ల ఆరేళ్లు పట్టి నేర్చుకుంది. అది నేర్పింది అదే స్కూల్.

ఇక మీ బాబు సంగతి. మావాడికీ ఆర్ట్స్ అంటే అస్సలు పడదు. స్టేజీ ఎక్కమంటే జ్వరం వచ్చేది. అక్క ఉంది, ఇంటి దగ్గర ఉంది అని అదే స్కూల్లో వేశాం. ఇయర్ 8లో మ్యూజికల్ రిహార్సల్‌కి కేబుళ్లు మోయడానికి మనుషులు తక్కువైతే, ఫ్రెండ్‌తో కలిసి వెళ్లాడు. అంతే, ఇక ఇంటికి రావడం మానేశాడు. నల్ల టీ షర్టు, నడుముకి టేపు రోల్, చెవికి హెడ్‌సెట్. మొదటి షో రాత్రి అందరూ స్టేజీ చూస్తుంటే నేను వెనక్కి తిరిగి లైటింగ్ డెస్క్ వైపే చూశాను. చిన్న నీలం బల్బు వెలుగులో వాడి మొహం, బటన్ మీద వేలు. "స్టాండ్‌బై" అని వినగానే ఊపిరి బిగబట్టి, "గో" అనగానే నొక్కాడు. స్టేజీ మొత్తం ఒక్కసారిగా సాయంత్రం అయిపోయింది. పాట పాడే పిల్ల చుట్టూ ఉన్న ఆ వెలుతురు మావాడు వేసింది.

తర్వాత ఇయర్ 11, 12లో ఎంటర్‌టైన్‌మెంట్ ఇండస్ట్రీ అనే కోర్సు తీసుకున్నాడు. లైట్లు, సౌండ్, స్టేజీ పనులు నేర్పే వొకేషనల్ సబ్జెక్టు, పరీక్ష రాస్తే ఏటార్‌కి (యూనివర్సిటీ సీట్లకి చూసే ర్యాంకుకి) కూడా లెక్కలోకి వస్తుంది. 70 గంటలు బయట నిజమైన వేదికల్లో పని చెయ్యాలి. ఇప్పుడు ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదువుతూ వారాంతాల్లో ఈవెంట్లకి లైటింగ్ చేస్తాడు. ఏ ఆడిషన్ అయినా వాడిని తీసుకునేదా? ఏ ఆడిషన్‌కైనా వాడు వెళ్లేవాడా? స్కూల్ మా వీధి చివర ఉంది కాబట్టి వాడికి ఆ తలుపు దొరికింది. అందుకే చెప్తున్నాను, ఇలాంటి స్కూల్ వల్ల పక్కింటి మామూలు పిల్లాడికే ఎక్కువ లాభం. బాగా నాట్యం వచ్చిన పిల్లకి ఎలాగైనా ఒక వేదిక దొరుకుతుంది. తనలో ఏముందో తనకే తెలియని పిల్లాడికి అది కళ్ల ముందు ఉండాలి.

చదువు గురించి. హెచ్‌ఎస్‌సీ అంతటా ఒక్కటే పరీక్ష, ఒక్కటే సిలబస్. ఇంగ్లిష్ తప్పదు, మొత్తం కనీసం 10 యూనిట్ల సబ్జెక్టులు ఉండాలి. మా అమ్మాయి మ్యాథ్స్ అడ్వాన్స్‌డ్, బయాలజీ, కెమిస్ట్రీతో పాటు డాన్స్ రాసింది, ఇప్పుడు ఫిజియోథెరపీ చదువుతోంది. స్కేలింగ్‌లో (ఏటార్ కోసం వేర్వేరు సబ్జెక్టుల మార్కుల్ని సరిపోల్చి సర్దేటప్పుడు) డాన్స్, డ్రామా, మ్యూజిక్ 1 లాంటివి పెద్ద లెక్కల సబ్జెక్టులంత పైకి వెళ్లవు, ఇది నిజం. అయితే ఇష్టమైన సబ్జెక్టులో పిల్ల టాప్ బ్యాండ్‌కి (అన్నిటికంటే పై గ్రేడుకి) దగ్గరగా రావడం, ఇష్టం లేని సబ్జెక్టులో ఈడ్చుకుంటూ రావడం, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మీరు స్కూల్‌ని అడగాల్సింది వేరే ఉంది. మ్యాథ్స్ ఎక్స్‌టెన్షన్ 1, 2 (పై స్థాయి లెక్కలు), ఫిజిక్స్ ప్రతి ఏడూ నడుపుతారా, క్లాసులో ఎంతమంది ఉంటారు అని. ఇలాంటి స్కూళ్లలో ఆ క్లాసులు చిన్నవిగా ఉండొచ్చు. సూటిగా అడగండి, సూటిగానే చెప్తారు.

సెలెక్టివ్ పరీక్ష రాయించాలంటే రాయించండి, నేను వద్దనను. మా పక్కింటివాళ్ల అబ్బాయి సెలెక్టివ్‌లో చేరి చాలా సంతోషంగా ఉన్నాడు. కాకపోతే రోజూ రెండు బస్సులు మారతాడు. మావాళ్లు నడిచి వెళ్లేవారు. హైస్కూల్ పిల్లలకి బస్సు, ట్రైన్ ఎక్కే ఉచిత ఓపల్ కార్డు రావాలంటే ఇల్లు స్కూల్‌కి 2 కిలోమీటర్ల పైన ఉండాలి, లేదా నడక దారి 2.9 కిలోమీటర్లు ఉండాలి. మాకు ఆ కార్డు రాలేదు. కానీ రిహార్సల్ అయిదింటికి అయిపోయి జూలై చలికాలపు చీకట్లో బయటికి వస్తే, పది నిమిషాల్లో ఇంట్లో ఉండేవారు. దూరం నుంచి వచ్చే ఆడిషన్ పిల్లలు పాపం ట్రైన్లో హోంవర్క్ చేసుకునేవారు.

ఖర్చు: గవర్నమెంట్ స్కూల్ కాబట్టి కంట్రిబ్యూషన్ స్వచ్ఛందం, కానీ కాస్ట్యూములు, షూస్, నాటకాల టిక్కెట్లు అవుతూనే ఉంటాయి. ఇబ్బందిగా ఉంటే ఆఫీసులో చెప్తే సర్దుతారు. మీది టెంపరరీ వీసా అయితే మాత్రం ఆ వీసాకి ఏటా ఫీజు ఉందేమో ముందే చూసుకోండి, కొన్నింటికి ఉంది.

అడ్రస్‌కి 100 పాయింట్ల చెక్ ఉంటుంది, అంటే ఒక్కో కాగితానికి ఇన్ని పాయింట్లని లెక్కేసి మొత్తం 100 రావాలి. లీజు, బిల్లులు మీ పేరు మీదే, ఆ అడ్రస్‌కే రావాలి, ఇప్పటి నుంచే ఒక ఫైల్లో పెట్టుకోండి. డిపార్ట్‌మెంట్ సైట్లో స్కూల్ ఫైండర్‌లో అడ్రస్ కొట్టి, మీరు నిజంగా గీత లోపలే ఉన్నారో లేదో మీరే చూసుకోండి, ఏజెంట్ మాట నమ్మొద్దు. హద్దులు మారుతుంటాయి కాబట్టి స్కూల్ కోసమనే ఇల్లు కొనకండి. ఇయర్ 6 మొదట్లో ప్రైమరీ స్కూల్ నుంచి ఇయర్ 7 ఫారం వస్తుంది. ఆడిషన్ దరఖాస్తు అది కాదు, విడిగా పెట్టాలి, ఆ తేదీ తప్పితే ఇక అంతే.

పాపని ఆడిషన్‌కి పంపండి. వస్తే మంచిదే, రాకపోతే ఆ వారం దగ్గర కూర్చోండి. ఈలోపు ఆ స్కూల్ సాయంత్రం షోలు ఏవైనా ఉంటే టిక్కెట్ కొని ఇద్దరు పిల్లల్నీ తీసుకెళ్లండి. బాబుని లైటింగ్ డెస్క్ కనపడేచోట కూర్చోబెట్టండి.