ఉన్న ఒక్క తాళం పోయినా బండిని టో చేయించక్కర్లేదు

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మీ 2015 టయోటా క్యామ్రీ కారుకి ఉన్న ఒక్క కీ పోయిందని, బండిని టో చేసి (వేరే బండితో లాక్కెళ్లి) తెస్తే తప్ప కుదరదని డీలర్ అన్నాడని రాశారు. టెన్షన్ పడకండి, ఆ మాట నిజం కాదు. లాక్‌స్మిత్, అంటే తాళాలు చేసే అతను, బండి ఉన్న చోటికే వచ్చి కొత్త కీ చేయగలడు.

కాలిఫోర్నియా వెహికల్ కోడ్‌లో 9954 అని ఒక సెక్షన్ ఉంది. 2008 జనవరి 1 నుంచి అమలులో ఉంది. కొత్త కీ చేయడానికి కావలసిన సమాచారాన్ని, యజమాని తరఫున రాష్ట్ర లైసెన్స్ ఉన్న రిజిస్టర్డ్ లాక్‌స్మిత్ అడిగితే, కార్ల కంపెనీ ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో 24 గంటలూ అందుబాటులో ఉంచాలి. చిన్న కంపెనీలకు కొన్ని మినహాయింపులున్నా, మీ బండికి ఆ బెంగ లేదు.

లాక్‌స్మిత్‌కి ఫోన్ చేసినప్పుడు ముందు లైసెన్స్ నంబర్ అడగండి. ఎల్‌సీఓ (LCO) అని మొదలవుతుంది, రాష్ట్ర వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. దయచేసి ఇది మాత్రం వదలొద్దు, మోసగాళ్లు చాలామంది ఉన్నారు. ధర కూడా మెసేజ్‌లో రాయించుకోండి.

మీ డ్రైవింగ్ లైసెన్స్, రిజిస్ట్రేషన్ అతను చూడాల్సిందే. విసుక్కోకండి, రేపు దొంగ మీ బండికి కీ చేయించుకోకుండా ఆపేది అదే.

నాకూ ఇలాగే అయింది. పార్కింగ్‌లోనే స్టీరింగ్ కింద పోర్టుకి లాక్‌స్మిత్ పరికరం తగిలించి, కీ కోసి, బండి దాన్ని గుర్తుపట్టేలా ప్రోగ్రామ్ చేశాడు. డాష్‌బోర్డు మీద మిణుకుమిణుకుమంటున్న ఎర్ర లైటు ఆరిపోగానే ప్రాణం లేచొచ్చింది.

పనిలో పనిగా రెండో కీ కూడా చేయించేయండి.