మూగబోయిన సబ్‌వూఫర్ గురించి మేనల్లుడికి

చిత్తూరు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ కారు డిక్కీలో సబ్‌వూఫర్, అదే బరువైన శబ్దాలు పలికే పెద్ద స్పీకరు, ఉన్నట్టుండి ఆగిపోయిందనీ, తిరుపతిలో ఒక దుకాణంలో చూపిస్తే డబ్బాతో సహా మార్చాలన్నారనీ ఫోనులో చెప్పావు. వాళ్లు మీటరు పెట్టి చూశారా అని అడిగితే లేదన్నావు. మీటరు పెట్టకుండా స్పీకరు పోయిందనే మాట నేను ఒప్పుకోను. ఈ ఉత్తరంలో రాసినవన్నీ చేసి చూసేదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు. ఇవన్నీ ఫోనులో చెబితే గుర్తుండవు కాబట్టి రాస్తున్నాను.

స్పీకరు కాలిపోయేటప్పుడు చాలావరకు ముందే తెలుస్తుంది. గరగరమంటుంది, శబ్దం చెదురుతుంది, మాడు వాసన వస్తుంది. నీకు అవేవీ లేవు. పాట మధ్యలో టక్కున ఆగింది. అలా ఆగినప్పుడు ముందు అనుమానించాల్సింది వైర్లను, ఫ్యూజును, ఎర్త్‌ను. స్పీకరు వంతు చివర్లో వస్తుంది.

మొదట డిక్కీ జోలికి పోకుండా స్టీరియో ముందు కూర్చో. ఈ మధ్యే కారు బ్యాటరీ మార్పించానన్నావు కదా. బ్యాటరీ తీసి పెట్టినప్పుడు కొన్ని స్టీరియోల్లో సెట్టింగులు చెరిగిపోతాయి. మెనూలో సబ్‌వూఫర్ ఆఫ్‌లో ఉందేమో, దాని లెవెల్ సున్నాకు పడిందేమో, వెనక అవుట్‌పుట్ సబ్‌వూఫర్‌కు బదులు రియర్ అని మారిందేమో చూడు. తలుపుల్లోని స్పీకర్లు కూడా పలకకపోతే తప్పు స్టీరియోది కావచ్చు, ముందు దాన్నే చూడు.

తర్వాత ఆంప్లిఫైయర్, అంటే స్టీరియో శబ్దాన్ని పెంచి సబ్‌వూఫర్‌కు పంపే పెట్టె, దాని మీది దీపం చూడు. చాలా రకాల్లో బాగుంటే పచ్చగానో నీలంగానో వెలుగుతుంది, రక్షణ కోసం తనను తాను ఆపేసుకుంటే ఎర్రగా వెలుగుతుంది. అసలు వెలగకపోతే కరెంటు అందడం లేదని అర్థం. ఈ మూడింటికీ మూడు వేర్వేరు దారులు.

వెలగకపోతే మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీకి పెట్టు. ఆంప్లిఫైయర్‌కు మూడు వైర్లు కావాలి: బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు, బాడీకి బిగించిన ఎర్త్, స్టీరియో వేయగానే ఆంప్లిఫైయర్‌ను ఆన్ చేయడానికి అక్కడినుంచి వచ్చే సన్నని రిమోట్ వైరు. మీటరు తీగల్లో నల్ల ముల్లు ఎర్త్ స్క్రూ మీద, ఎర్ర ముల్లు పవర్ స్క్రూ మీద ఆనించు. ఇంజిను ఆపి ఉంటే సుమారు 12.6, నడుస్తుంటే 14 దగ్గరలో చూపించాలి. ఏమీ చూపకపోతే నల్ల ముల్లును మాత్రం తీసి, రంగు లేని చోట కారు ఇనుము మీద పెట్టు. ఇప్పుడు వోల్టులు వస్తే ఎర్త్ ఊడిందన్నమాట. అప్పటికీ రాకపోతే బానెట్ ఎత్తి, బ్యాటరీ దగ్గర లావు వైరు మీద ఉన్న ఫ్యూజుకు రెండు వైపులా కొలువు. ఒక వైపు వోల్టులుండి రెండో వైపు లేకపోతే అది పోయింది. ఫ్యూజును కంటితో చూసి బాగుందని తేల్చకు, లోపల తెగినా పైకి బాగానే కనిపించేవి ఉంటాయి.

ఇక్కడ ఒక్క విషయంలో నా మాట దాటకు. పాత ఫ్యూజు మీద ఎన్ని ఆంపియర్లని ఉందో అదే వెయ్యి. పెద్దది వేయడం, వెండి కాగితం చుట్టడం, రాగి తీగ కలపడం వద్దు. బ్యాటరీ దగ్గరి ఫ్యూజు ఉన్నది ఆ లావు వైరును కాపాడడానికి. వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగిలితే ఫ్యూజు పోవాలి. అది పోకపోతే వైరే మండుతుంది. నీ కారులో ప్రయాణికులుంటారు. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోయిందంటే ఎక్కడో షార్టు ఉంది, అది దొరికేదాకా మళ్లీ వేయకు. లావు వైరును ముట్టుకునే ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పడం మరవకు.

పవర్, ఎర్త్ రెండూ బాగుంటే రిమోట్ స్క్రూ మీద కొలువు. స్టీరియో వేస్తే 12 వోల్టులు రావాలి, ఆపితే పోవాలి. రాకపోతే స్టీరియో వెనక ఆ వైరు ఊడి ఉంటుంది. వానాకాలంలో సీటు కింద ఎలుకలు కొరకడం కూడా ఉంది, మ్యాటు ఎత్తి చూడు.

ఎర్ర దీపం వెలిగితే స్పీకరు వైర్లు రెండూ ఆంప్లిఫైయర్ నుంచి విప్పి, అవి లేకుండానే స్టీరియో మళ్లీ ఆన్ చేసి చూడు. ఎర్ర దీపం పోతే తప్పు స్పీకరులోనో దాని వైరులోనో ఉంది. అయినా పోకపోతే స్టీరియో నుంచి పాటను తెచ్చే సిగ్నల్ కేబుళ్లు కూడా పీకి చూడు. అప్పటికీ ఎర్రగానే ఉంటే ఆంప్లిఫైయర్‌ను బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. కాసేపు పలికి ఆగి, చల్లారాక మళ్లీ పలికితే అది వేడి. మన వైపు ఎండల్లో మూసిన డిక్కీ పొయ్యిలా ఉంటుంది, దాని మీద దుప్పట్లు, సంచులు కప్పితే ఏ ఆంప్లిఫైయరూ తట్టుకోదు.

పచ్చ దీపం వెలుగుతున్నా శబ్దం లేకపోవడం, నీ కారు విషయంలో నాకు ఎక్కువ అనుమానం ఇక్కడే. నువ్వు కొండకు ప్రయాణికులను తీసుకెళ్తావు. అలిపిరి దగ్గర తనిఖీకి సామాను మొత్తం దించుతారు, మళ్లీ హడావిడిగా లోపలికి తోస్తారు. ఆపైన ఘాట్ రోడ్డు మలుపుల్లో పెట్టెలు ఇటూ అటూ జరుగుతాయి. పెట్టె చక్రానికి ఒక వైరు తగులుకుంటే చాలు, సిగ్నల్ కేబుల్ సగం ఊడి వస్తుంది. చూడటానికి తగిలించినట్టే ఉంటుంది, లోపల మాత్రం అంటదు. ఆంప్లిఫైయర్ మీద శబ్దం ఎంత పెంచాలో తిప్పే గెయిన్ బాగా తగ్గించి, సిగ్నల్ కేబుల్ తీసేసి, దాని చోట ఫోను నుంచి ఒక ఆడియో కేబుల్ పెట్టి పాట వెయ్యి. పలికిందంటే ఆంప్లిఫైయరూ స్పీకరూ రెండూ నిక్షేపంగా ఉన్నట్టే. కేబుల్ మార్చుకుంటే సరిపోతుంది. అదీ కాకపోతే స్టీరియో అవుట్‌పుట్ చూడాలి.

ఫోనుతోనూ పలకకపోతే అప్పుడు స్పీకరు. వైర్లు విప్పి, మీటరును ఓములకు మార్చి కొలువు. స్పీకరు లోపలి తీగచుట్ట, అంటే కాయిల్, 4 ఓములదైతే 3 నుంచి 4 మధ్య చూపాలి. అసలు రీడింగే రాకపోతే ఎక్కడో తెగింది, సున్నా దగ్గర చూపితే షార్టు అయింది. రెండు కాయిళ్లుంటే దేనికది కొలువు. డబ్బా బయట కొలిచి తెగిందని తేల్చవద్దు. స్పీకరు విప్పి దాని స్క్రూల మీదే కొలిస్తే, డబ్బా లోపలి వైరు ఊడిన సంగతి తెలుస్తుంది. కోను, అంటే స్పీకరు ముందు కదిలే గిన్నెలాంటి భాగం, దాని దగ్గరికి వెళ్లే అల్లిక తీగ తెగినా టంకం పెట్టి అతికించవచ్చు. చివరగా రెండు చేతులతో కోనును సమంగా, మెల్లగా నొక్కు. గీరుకున్నట్టు శబ్దం వస్తే కాయిల్ దెబ్బతింది. అప్పుడు కూడా కోను, కాయిల్ మార్పించడం ఎంతవుతుందో కనుక్కున్నాకే కొత్తదాని మాట ఎత్తు.

బాగయ్యాక ఎర్త్ బోల్టు కింద రంగు గీకి శుభ్రమైన ఇనుముకు గట్టిగా బిగించు. వైర్లను మ్యాటు కిందుగా గొట్టంలో పంపించి, డబ్బాను ఒక పక్కకు కదలకుండా కట్టు. సామాను దించేటప్పుడు నువ్వే దిగి దగ్గరుండు.

ఆదివారం మీటరు కొని ఈ రీడింగులు ఒక కాగితం మీద రాసిపెట్టు: పవర్, రిమోట్, దీపం రంగు, కాయిల్ ఓములు. సాయంత్రం ఫోను చేసి చదువు, తర్వాత ఏం చేయాలో చెబుతాను. అక్కయ్యను అడిగానని చెప్పు.

నీ మేనమామ