హెల్త్ కమ్యూనికేషన్ సర్టిఫికెట్ కోసం పొలం కాగితాలు బ్యాంకులో పెట్టవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర ఒక పల్లె. మా అమ్మాయి బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తి చేసి, రెండేళ్ళుగా నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తోంది. డిశ్చార్జి అయ్యే రోగులకు ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో కాగితం మీద రాసిచ్చే అలవాటు తనకు ఉంది. ఇప్పుడు అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో నడిపే హెల్త్ కమ్యూనికేషన్ (ఆరోగ్య విషయాలను జనానికి అర్థమయ్యేలా చెప్పడం) గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ కోర్సులో చేరతానంటోంది. ఏడు లక్షల దాకా అవుతుందట. డిగ్రీ ఉన్న పిల్లకు మళ్ళీ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ ఎందుకో, దానితో ఉద్యోగం వస్తుందో రాదో నాకు తెలియడం లేదు. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి అప్పు తీసుకోమంటారా?

జవాబు: ఈ కోర్సు కోసం, ఈ సంవత్సరం, పొలం కాగితాలు బయటికి తీయవద్దు. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే మీరు అడిగిన అసలు ప్రశ్న అదే. అయితే మీ అమ్మాయి ఎంచుకున్న దారి తప్పని మాత్రం నేను అనను. నర్సింగ్ చదివిన పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తారు; వాళ్ళలో ఎక్కువమంది జర్మనీ గురించో గల్ఫ్ గురించో అడుగుతారు. రోగికి చెప్పిన మాట చేరుతోందా లేదా అని ఆలోచించే పిల్ల అరుదుగా కనిపిస్తుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట పేరు దగ్గరి చిక్కు. మన దగ్గర గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అంటే డిగ్రీ పట్టా అనుకుంటాం. అమెరికాలో ‘గ్రాడ్యుయేట్’ అన్న మాటను డిగ్రీ తర్వాత చదివే చదువుకు వాడతారు. అక్కడి గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అంటే డిగ్రీ అయినవాళ్ళు ఒక ప్రత్యేక విషయంలో నాలుగు నుంచి ఆరు పేపర్లు చదివి పొందే పత్రం; సాధారణంగా 12 నుంచి 18 క్రెడిట్లు ఉంటుంది (క్రెడిట్ అంటే ఎంత చదువు చదివారో లెక్కించే కొలత). పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్‌కు అక్కడ కనీసం 42 క్రెడిట్లు కావాలి కాబట్టి, ఇది అందులో మూడో వంతు చదువు అనుకోండి. మన దేశంలో దీనిని పీజీ డిగ్రీగా లెక్కించరు. డిగ్రీలు ఏవన్నది యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం నిర్ణయమవుతుంది. సర్టిఫికెట్లు ఆ జాబితాలోకి రావు. అందువల్ల పీజీ తప్పనిసరి అని ప్రకటనలో రాసిన ఉద్యోగానికి ఈ పత్రం ఒక్కటే చూపించి దరఖాస్తు చేయడం కుదరదు. ఆన్‌లైన్ కోర్సు కాబట్టి దీనిమీద అమెరికా వీసా కూడా రాదు. ఇంట్లో ఎవరైనా ఆ ఆశ పెట్టుకుని ఉంటే ఇప్పుడే వదులుకోవడం మంచిది.

ఇక ఇందులో ఏం నేర్పుతారన్నది. పోస్టర్లు గీయడం, మైకులో చెప్పడం నేర్పుతారని చాలామంది అనుకుంటారు. కానీ అంతే కాదు. ఇందులోని ఒక ముఖ్యమైన సిద్ధాంతం పుట్టింది ఒక పరాజయం నుంచి. 1950ల్లో అమెరికా ప్రభుత్వం క్షయ వ్యాధిని ముందుగా గుర్తించడానికి ఎక్స్‌రే బండ్లను వీధుల్లోకి పంపింది. పరీక్ష ఉచితం, బండి ఇంటి ముందే ఉంది, అయినా రావలసినంత మంది రాలేదు. ఎందుకు రాలేదని అక్కడి ప్రజారోగ్య శాఖలోని మనస్తత్వ శాస్త్రవేత్తలు విచారించగా, తనకు ఆ జబ్బు రావచ్చన్న నమ్మకం, వస్తే ప్రమాదమన్న భయం, పరీక్ష వల్ల మేలు ఉందన్న ఆశ, దారిలో అడ్డుపడే సంగతులు, ఇవన్నీ కలిసి మనిషి చేత పని చేయిస్తాయనీ, సమాచారం ఒక్కటే ఎవరినీ కదిలించదనీ తేలింది. హెల్త్ బిలీఫ్ మోడల్ అని దీనిని ఈనాటికీ మొదటి పాఠంగా చెబుతారు. ఆ తర్వాత వినేవాళ్ళ గురించి ముందుగా తెలుసుకోవడం, తయారుచేసిన సందేశాన్ని అచ్చు వేయకముందే పదిమందికి చూపించి సరిదిద్దడం, పుకార్లు పుట్టినప్పుడు ఎలా మాట్లాడాలి, చేసిన ప్రచారం పనిచేసిందో లేదో ఎలా కొలవాలి, ఇవి పాఠాలు.

మన వైపు నుంచే ఒక సంగతి చెబుతాను. గర్భిణులకు ప్రతి నెలా తొమ్మిదో తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రత్యేక పరీక్షలు చేస్తారు కదా. అలాంటి ఒక రోజున మా బంధువుల అమ్మాయికి తోడుగా వెళ్ళాను. నర్సమ్మ ఎర్ర మాత్రల అట్టలు లెక్కపెట్టి చేతిలో పెట్టి, ‘రోజుకొకటి, మరవొద్దు, అర్థమైందా?’ అంది. మా ముందున్న అమ్మాయి తల ఊపింది. బయట బెంచీ మీదికి వచ్చాక ఆమె సంచి తెరిస్తే పాత అట్టలు మూడు అలాగే ఉన్నాయి. పక్కనే ఉన్న ఆశా కార్యకర్త అడిగితే, ‘వేసుకుంటే దొడ్డికి నల్లంగా పోతా ఉందక్కా, లోపల ఏందో అయిందని మా అత్త మాన్పించేసింది’ అంది. ఆ ఆశా కార్యకర్త కోప్పడలేదు. ఐరన్ మాత్ర వేసుకుంటే మలం నల్లగా రావడం మామూలేననీ, దానితో భయం లేదనీ, రాత్రి అన్నం తిన్నాక వేసుకోమనీ, టీ తాగే వేళకు దూరంగా వేసుకోమనీ చెప్పింది. చివరికి, ‘ఇంటికి పోయి మీ అత్తకు ఏమని చెప్తావో ఇప్పుడు నాకు చెప్పు చూద్దాం’ అంది. ఆ అమ్మాయి తడుముకుంటూ చెప్పింది. తప్పిన చోట ఆమె సరిదిద్దింది. విన్నది తిరిగి చెప్పించే ఈ పద్ధతికి ఆ కోర్సుల్లో టీచ్‌బ్యాక్ అని పేరు. ‘అర్థమైందా’ అని అడిగితే అర్థం కానివాళ్ళు కూడా అర్థమైందనే అంటారు కాబట్టి ఈ పద్ధతి పుట్టింది. మాత్ర మింగాలా వద్దా అని ఆ ఇంట్లో నిర్ణయించేది అత్తగారని గ్రహించడం అంతకంటే పెద్ద సంగతి.

సందేశం మంచిదే అయినా చోటు మారితే చెరుపు చేస్తుందన్నది రెండో సంగతి. నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల పళ్ళు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఇప్పటికీ ఉదయగిరి మెట్ట ప్రాంతంలోనూ, ప్రకాశం వైపు పొదిలి, కనిగిరి చుట్టుపక్కలా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సమస్య ఉంది. విరేచనాలు రాకుండా ‘నీళ్ళు కాచి తాగండి’ అని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. అది నిజమే, కానీ కాచినందువల్ల ఫ్లోరైడ్ పోదు; నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. ఈ ఊళ్ళలో ఒకే గోడ మీద ఈ రెండు మాటలనూ తికమక లేకుండా రాయగలవాళ్ళు కావాలి. ఆ పని మెట్ట ప్రాంతం తెలిసినవాళ్ళే బాగా చేయగలరు.

దూబగుంట సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు, అది మీ జిల్లాదే. అక్షరాస్యత తరగతుల్లో వయోజన మహిళల కోసం రాసిన వాచకంలో సారా వల్ల కుటుంబం చితికిపోయిన కథ ఒక పాఠంగా వచ్చింది. అది తమ ఇంటి కథేనని వాళ్ళు గుర్తుపట్టారు, రాత్రి బడిలో కలిసి చదివారు, కలిసి మాట్లాడుకున్నారు, 1992లో సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ పాఠం రాసినవాళ్ళు ఆరోగ్య శాఖవాళ్ళు కారు. వినేవాళ్ళ బతుకులోంచి మాట తీసుకుని, పదిమంది కూడే చోట దాన్ని పెట్టారు, అంతే. హెల్త్ కమ్యూనికేషన్ చదివేవాళ్ళు దీనిని ఎన్నిసార్లు చదివినా తక్కువే.

ఇప్పుడు ఉద్యోగాల మాట. ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖలో జిల్లా స్థాయిలో డెమో అని పిలిచే ఎక్స్‌టెన్షన్ అండ్ మీడియా అధికారి, కింద ఆరోగ్య విద్యాధికారులు ఉంటారు. జాతీయ ఆరోగ్య మిషన్ కింద కాంట్రాక్టు పోస్టులు కూడా పడుతుంటాయి. ఇవి సంఖ్యలో కొద్ది. ఈ సర్టిఫికెట్ పేరు పెట్టి అడిగే ప్రభుత్వ నోటిఫికేషన్ నా కంట పడలేదు. దీనికి విలువ ఇచ్చేవి స్వచ్ఛంద సంస్థలు, అంతర్జాతీయ సంస్థలు, పెద్ద ఆసుపత్రుల రోగి అవగాహన విభాగాలు. యూనిసెఫ్ హైదరాబాద్ కార్యాలయం ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక మూడింటినీ చూస్తుంది. ఈ పనిని వాళ్ళు ‘సోషల్ అండ్ బిహేవియర్ చేంజ్’ అంటారు. ఇలాంటి చోట్ల సర్టిఫికెట్ కంటే ముందు క్షేత్రంలో ఏం చేశావని అడుగుతారు. నెల్లూరులోనే ఉంటూ ఈ రంగంలో పూర్తికాలపు ఉద్యోగం దొరకడం కష్టం. విజయవాడకో హైదరాబాదుకో వెళ్ళడానికి అమ్మాయీ మీరూ సిద్ధపడాలి.

అందువల్ల నా సలహా ఇది. అమ్మాయి ఎలాగూ బి.ఎస్సీ. నర్సింగ్ చేసింది కాబట్టి, గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ పోస్టుల ప్రకటన వస్తే దరఖాస్తు చేయమనండి. దానికి కమ్యూనిటీ హెల్త్‌లో ఆరు నెలల సర్టిఫికెట్ అవసరం కావచ్చు. కొత్త సిలబస్‌తో చదివినవాళ్ళకు అది డిగ్రీలోనే కలిసి ఉంటుంది కాబట్టి మార్కుల పత్రాలు చూసుకోవాలి. రోజూ ఇరవై ముప్పై ఇళ్ళ మనుషులతో మాట్లాడే ఆ పనిలో రెండేళ్ళు గడిపితే, ఏ విదేశీ తరగతిలోనూ దొరకని అనుభవం వస్తుంది. చదువే ముందు కావాలనుకుంటే మన దేశంలోనే దారులున్నాయి. తమిళనాడులోని గాంధీగ్రామ్ గ్రామీణ ఆరోగ్య సంస్థలోనూ, కోల్‌కతాలో 1932లో స్థాపించిన ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్‌లోనూ ఆరోగ్య ప్రచారం, విద్యలో పీజీ డిప్లొమా ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ ఉంది, అది పూర్తి పీజీ. అర్హతలు, సీట్లు ఆ ఏటి ప్రకటనలో చూసుకోవాలి. ఈలోగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉచితంగా పెట్టిన ఆన్‌లైన్ పాఠాలు ఒకటి రెండు పూర్తి చేస్తే, తనకు ఈ విషయం నిజంగా నచ్చుతుందో లేదో పైసా ఖర్చు లేకుండా తేలుతుంది. ఏ దారిలో వెళ్ళినా నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌ను మాత్రం గడువు దాటనివ్వవద్దు. రేపు ఏ కారణంతోనైనా వెనక్కి రావలసి వస్తే అన్నం పెట్టేది అదే.

ఇంత చెప్పాక కూడా అమ్మాయి మనసు ఆ అమెరికా కోర్సు మీదే ఉంటే, ఫీజు కట్టకముందు ఆ విశ్వవిద్యాలయానికి తనచేతనే ఈమెయిలు రాయించండి. ఈ క్రెడిట్లను తర్వాత మీ మాస్టర్స్‌లో కలుపుతారా, ఎన్నేళ్ళలోపు కలుపుతారు అన్నది మొదటి ప్రశ్న; కలిపేటట్లయితే ఆ డబ్బు మాస్టర్స్ ఖర్చులో ఒక భాగం అవుతుంది, లేకపోతే అక్కడితో ఆగిపోతుంది. క్రెడిట్ ఫీజు కాక ఇంకేమి వసూలు చేస్తారో, విదేశీ విద్యార్థులకు రాయితీ ఉందో అడగాలి. తరగతులు రికార్డు చేసినవా, ప్రత్యక్షంగా హాజరు కావాలా అన్నది చిన్న సంగతిగా కనిపిస్తుంది కానీ కాదు. అక్కడ తూర్పు తీరంలో సాయంత్రం ఆరు గంటల క్లాసు అంటే మనకు వేసవిలో తెల్లవారుజామున మూడున్నర, చలికాలంలో నాలుగున్నర. నైట్ డ్యూటీలు చేసే పిల్ల అది ఏడాదిపాటు ఎలా నెట్టుకొస్తుందో మీరిద్దరూ కూర్చుని ఆలోచించండి.

ఇక ఆ కాగితాల సంగతి. అమ్మాయి రోగులకు రాసిచ్చే తెలుగు కాగితాలను ఇకనుంచి ఒక్కొక్కటి నకలు తీసి దాచమనండి. రోగి పేరు, వివరాలు మాత్రం కొట్టేయాలి. ఆసుపత్రి అనుమతి అడిగి, షుగరు రోగులకో బాలింతలకో ఒకే కాగితం పద్ధతిగా తయారుచేసి, ఇరవై మందికి ఇచ్చి, వాళ్ళ చేత తిరిగి చెప్పించి, ఏ మాట దగ్గర తడబడ్డారో రాసుకోమనండి. ‘పరగడుపున’ అన్నది ఎంతమందికి తెలిసింది, ‘భోజనానికి అరగంట ముందు’ అన్నదాన్ని ఎంతమంది పాటించారు, బొమ్మ వేస్తే మెరుగైందా అన్నవి అందులో ఉండాలి. ఆ నోటు పుస్తకం నిండడానికి ఆరు నెలలు పడుతుంది. అది పట్టుకుని ఏ సంస్థకు ఇంటర్వ్యూకు వెళ్ళినా, ఏ విశ్వవిద్యాలయానికి స్కాలర్‌షిప్ కోసం రాసినా ముందు దాన్నే చూపించవచ్చు. విశ్వవిద్యాలయం నుంచి జవాబులు వచ్చాక, ఆ పుస్తకంతో సహా అమ్మాయిని ఒకసారి నా దగ్గరికి పంపండి. అప్పు గురించి అప్పుడు మాట్లాడుకుందాం.