మోడల్ రైల్వే: ఇంజిన్ కొనే ముందు సరుకేంటో తేల్చుకోండి

మీ ప్రశ్న ఇది: కర్నూలులో మీ ఇంట్లో ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న బల్ల పట్టే చోటుంది. ఆవిరి ఇంజిన్లు అప్పుడప్పుడే పుడుతున్న రోజుల నాటి గని రైలో, ఫ్యాక్టరీ రైలో మోడల్‌గా చెయ్యాలనుంది. స్టీఫెన్‌సన్ రాకెట్ ఇంజిన్ మోడల్ కొని మొదలుపెట్టొచ్చా, ఏ స్కేలు (అంటే అసలు రైలులో ఎన్నో వంతు సైజు) మంచిది అని అడిగారు.

నేను తాడిపత్రిలో ఉంటాను. ఇలాంటిదే ఒకటి నాలుగేళ్లుగా చేస్తున్నాను. రాకెట్ ఇప్పుడే కొనొద్దు. మీ రైలు ఏ సరుకు మోస్తుంది, అది ఎక్కడ ఎక్కుతుంది, ఎక్కడ దిగుతుంది అనేది ముందు తేల్చుకోండి. అది తేలితే స్కేలు, పట్టాలు, బళ్లు అన్నీ వాటంతటవే కుదురుతాయి. నేను దీన్ని తలకిందులుగా చేసి ఒక ఏడాది పోగొట్టుకున్నాను.

ఆ కాలంలో పట్టాలు వేసింది మనుషులు ప్రయాణం చెయ్యడానికి కాదు. బొగ్గో, ఇనుమో, రాయో గని నుంచి కాలవ ఒడ్డుకు చేర్చాలి. మట్టి దారిలో బండి దిగబడిపోతుంది. అదే గుర్రాన్ని పట్టాల మీద కడితే ఎన్నో రెట్ల బరువు లాగుతుంది. 1804 ఫిబ్రవరి 21న వేల్స్‌లోని పెనిడారెన్‌లో ట్రెవితిక్ అనే ఇంజినీరు చేసిన ఆవిరి ఇంజిన్ లాగింది కూడా 10 టన్నుల ఇనుమే, దాంతోపాటు ఎక్కి కూర్చున్న 70 మంది మనుషులు. ఇంజిన్ బాగానే నడిచింది గానీ దాని బరువుకు పోత ఇనుప పట్టాలు విరిగాయి. పని మళ్లీ గుర్రాల చేతికే వచ్చింది. 1825లో ఇంగ్లండ్‌లో స్టాక్టన్-డార్లింగ్టన్ లైను మొదలయ్యాక కూడా కొన్నేళ్లపాటు ఇంజిన్లూ గుర్రాలూ అవే పట్టాల మీద నడిచాయి. 1828 నుంచి అక్కడ బొగ్గు బళ్ల వెనకాల గుర్రం కోసమే ఒక చిన్న బండి తగిలించేవాళ్లు. పల్లం రాగానే గుర్రం దాంట్లోకి ఎక్కి నిలబడేది. బళ్లు వాటి బరువుకు అవే దొర్లుకుంటూ పోయేవి. నా మోడల్‌లో ఆ గుర్రం బండి ఒకటుంది. ఇంటికొచ్చిన పిల్లలు ముందు దాని దగ్గరే ఆగుతారు.

మన దగ్గరా కథ ఇలాగే మొదలైంది. బొంబాయి నుంచి ఠాణాకు ప్రయాణికుల రైలు నడిచింది 1853 ఏప్రిల్ 16న. అంతకు చాలా ముందే, 1837లో, మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్‌లో రాయి మొయ్యడానికి పట్టాలు వేశారు. 1840ల్లో ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్ ఆనకట్ట కడుతున్నప్పుడు కూడా కొండరాయి మోసింది పట్టాల మీదే. మా ఊరి మీదుగా పోయే మద్రాసు లైను రాయచూరు చేరి బొంబాయి లైనుతో కలిసింది 1871లో. అంటే మన దేశంలో తొలి పట్టాలు రాయి కోసం పుట్టినవి. ఇది తెలిశాక నాకు ఇంగ్లండ్ బొగ్గు గని మీద మోజు పోయింది. మా ఊరి చుట్టూ ఉన్నదంతా రాయే కదా.

దానికి ముందు నేను చేసిన తప్పు కూడా చెప్తాను. ఆన్‌లైన్‌లో ఒక సెట్టు కొన్నాను. గుండ్రంగా తిరిగే పట్టాలు, ఒక ఇంజిన్, మూడు పెట్టెలు. రెండు వారాలు ఆనందంగా తిప్పాను. తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. ఆ రైలు ఎక్కడికీ పోవడం లేదు, ఏమీ తేవడం లేదు. ఏడాది పాటు చుట్టూ చెట్లు పెట్టాను, ఇళ్లు పెట్టాను, ఆ లోటు మాత్రం తీరలేదు. ఒకరోజు మా వీధి చివర బండల పాలిష్ ఫ్యాక్టరీలో మనుషులు ట్రాక్టర్ నుంచి నాపరాళ్లు దించుతుంటే నిలబడి చూశాను. ఒక్కో బండను ఇద్దరు పట్టుకుని, వంచి, ఒకదాని పక్కన ఒకటి నిలబెడుతున్నారు. నా మోడల్‌లో లేనిది ఈ పనేనని అప్పుడర్థమైంది. ఆ రాత్రే గుండ్రటి పట్టాలు పీకేశాను.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది సున్నపురాయి గని, ఒక వాలు, వాలు కింద సున్నపు బట్టీ. ఊహించి పెట్టుకున్న ఊరే, కానీ పని తీరు మాత్రం 1840ల నాటిది. బట్టీని గని పక్కనే ఎందుకు పెడతారో తెలిస్తే మీ బల్ల ఎలా అమర్చాలో కూడా తెలుస్తుంది. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే దాంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి, 100 కిలోల మంచి రాయికి 56 కిలోల సున్నం మిగులుతుంది. కాల్చి మోస్తే బరువు సగానికి దగ్గరగా తగ్గుతుంది. అందుకే రాయిని దూరం మొయ్యరు, సున్నాన్నే మోస్తారు. బట్టీలోకి రాయినీ బొగ్గునూ వరసలు వరసలుగా పైనుంచి పోస్తారు, కాలిన సున్నాన్ని కింది నుంచి తీస్తారు. కాబట్టి రాయి తెచ్చే పట్టా బట్టీ నెత్తి మీదికి రావాలి, సున్నం మోసుకెళ్లే ఎద్దుల బండి బట్టీ కాళ్ల దగ్గరికి రావాలి. చూడండి, ఎత్తుపల్లాలు నేను ఆలోచించకుండానే వచ్చేశాయి.

స్కేలు విషయం. హెచ్ఓ అంటే 87వ వంతు, దాని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. మీ ఆరడుగుల బల్ల ఆ స్కేల్లో అసలు నేల మీద 160 మీటర్లకు సమానం. ఒక ప్లాట్‌ఫారం కూడా పూర్తిగా పట్టదు. కాబట్టి లైను చూపించాలని అనుకోకండి, ఒక్క పని జరిగే చోటు చూపించండి. నేను ఎంచుకున్నది వేరే దారి: పట్టాలు అవే 16.5 మిల్లీమీటర్లవి, బళ్లూ మనుషులూ మాత్రం 43.5వ వంతులో. అప్పుడు ఆ పట్టాలు దాదాపు రెండడుగుల నాలుగంగుళాల చిన్న గేజ్ (పట్టాల మధ్య దూరం) అవుతాయి, గని రైలుకు సరిగ్గా సరిపోతాయి. మనిషి బొమ్మ 38 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాడు, చేత్తో చేసుకోవచ్చు. నా కూలీలందరినీ రాగి తీగ, ఎం-సీల్‌తో చేశాను. నలభై దాటిన కళ్లకు ఈ స్కేలు చాలా హాయి.

మీకు రాకెట్టే కావాలంటే దారి వేరు. దాని మోడల్ ఓఓలో, అంటే 76వ వంతులో దొరుకుతుంది. దిగుమతి సుంకంతో కలిపి ఖరీదు గట్టిగానే ఉంటుంది. పైగా రాకెట్ 1829లో రెయిన్‌హిల్‌లో జరిగిన ఇంజిన్ల పోటీ గెలిచి, లివర్‌పూల్-మాంచెస్టర్ లైను మీద నడిచింది. అది ప్రయాణికుల వేగం కోసం పుట్టిన ఇంజిన్, దాన్ని గనిలో పెడితే తెలిసినవాళ్లకు వెంటనే తేడా కనిపిస్తుంది. గనికి తగ్గ ఇంజిన్ కావాలంటే ఇంగ్లండ్‌లోని వైలమ్ బొగ్గు గనిలో 1813-14 ప్రాంతంలో పుట్టిన పఫింగ్ బిల్లీ అనే ఇంజిన్ లాంటిది చూడండి.

నా మోడల్‌లో ఇంజిన్ లేదు, కరెంటు కూడా లేదు. వాలే నా ఇంజిన్. పక్కపక్కనే రెండు పట్టాలు, పైన ఒక కప్పీ, దాని మీదుగా ఒక దారం. దారానికి ఒక కొసన రాయి నింపిన బండి, రెండో కొసన ఖాళీ బండి. నిండు బండి దిగుతూ ఖాళీ బండిని పైకి లాగుతుంది. ఆ రోజుల్లో గనుల దగ్గర ఇది నిజంగా వాడిన పద్ధతి. బల్ల మీద దీన్ని నడిపించడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఖాళీ బండి 20 గ్రాములు, దాంట్లో పోసే రాయి 25 గ్రాములు. మొదట పదికి ఒకటి వాలు పెట్టాను, అంటే పది అంగుళాల పొడవుకు అంగుళం ఎత్తు. కదల్లేదు. చక్రాల రాపిడి, కప్పీ రాపిడి కలిసి ఆ కాస్త బరువు తేడాను మింగేశాయి. ఐదుకు ఒకటి చేశాను. ఈసారి కదిలింది గానీ, దిగేకొద్దీ వేగం పెరిగి బండి బట్టీ గోడను గుద్దుకుని పల్టీ కొట్టింది. నిజం గనుల్లో కప్పీకి బ్రేకు ఉండేది, దాని దగ్గర ఒక మనిషి ఉండేవాడు. నేనూ అదే చేశాను. కుట్టుమిషన్ బాబిన్‌ను కప్పీగా పెట్టి, దాని అంచుకు చిన్న ఉన్ని గుడ్డ ముక్క ఒరుసుకునేలా ఒక పుల్లను బిగించాను. పుల్ల కొస బల్ల బయటికి వస్తుంది, దాన్ని వేలితో నొక్కితే బండి నెమ్మదిస్తుంది. ఇప్పుడు ఆ బ్రేకు మనిషి పని మా పాపది. ఎంత నొక్కాలో తనకు నాకన్నా బాగా తెలుసు.

పట్టాల గురించి ఒక చిన్న సంగతి మీ మోడల్‌ను ఆ కాలంలోకి తీసుకెళ్తుంది. మనం రోజూ చూసే అడ్డ స్లీపర్లు అప్పుడు చాలా చోట్ల లేవు. పట్టాల మధ్య గుర్రం నడవాలి, దాని కాళ్లకు ఏదీ అడ్డం రాకూడదు. అందుకని ఒక్కో పట్టా కింద విడివిడిగా రాతి దిమ్మెలు పాతేవాళ్లు. దిమ్మెకు రంధ్రం చేసి, చెక్క మేకు కొట్టి, దాంట్లో ఇనుప మేకు దిగ్గొట్టేవాళ్లు. మార్కెట్లో దొరికే పట్టాలకు ప్లాస్టిక్ స్లీపర్లు ఉంటాయి కాబట్టి నేను వాటిని ఊడదీసి పట్టాలు మాత్రమే తీసుకున్నాను. ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే రాగిపూత బోర్డును సన్న పట్టీలుగా కోసి, నాలుగంగుళాలకొకటి అడ్డంగా పెట్టి, పట్టాలను దానికి సోల్డరింగ్ చేశాను. గేజ్ కదలకుండా నిలబెట్టేది అదే. మీరు కరెంటుతో నడిపేటట్టయితే ఆ పట్టీ మధ్యలో రాగిని ఆకురాయితో గీకి తెంపాలి, లేకపోతే షార్ట్ అవుతుంది. పట్టీలు మట్టిలో దాగిపోతాయి. మధ్య మధ్య పాలిష్ ఫ్యాక్టరీ రాతి ముక్కలను ఒక సెంటీమీటరు దిమ్మెలుగా చేసి అంటించాను. అప్పటి పోత ఇనుప పట్టాలు మూడు నాలుగు అడుగుల ముక్కలే. 1820లో బర్కిన్‌షా అనే ఇంగ్లండ్ ఇంజినీరు సాగగొట్టిన ఇనుముతో 15 అడుగుల పట్టాలు తెచ్చాడు. ఏది చూపిస్తున్నారో ఎంచుకుని, ఆ దూరాలను మీ స్కేలుకు తగ్గించి పట్టా మీద ఆకురాయితో సన్న గీత పెట్టండి.

ఎండ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, కర్నూలులో మీకూ ఇదే ఎండ. నా బల్ల మేడ మీద రేకుల గదిలో ఉంటుంది. జనవరిలో ఎనిమిదడుగుల పట్టా ఒకే వరసగా, ఎక్కడా సందు లేకుండా అతికించాను. మే నెలలో ఒక మధ్యాహ్నం చూస్తే రెండు చోట్ల పట్టా పాములా వంకర తిరిగి ఉంది. సోల్డరింగ్ కూడా ఊడింది. ఏడుపొక్కటే తక్కువ. మా నాయన గుంతకల్లు వైపు గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. పైకొచ్చి చూసి, కింద కూర్చుని, పట్టా మీద వేలు పెట్టి తడిమి, "ఎండకు పట్టా పెరుగుతాదిరా. సందు ఇడ్సకుంటే యాడికి పోతాదది?" అన్నాడు. లెక్క వేస్తే నిజమే. నికెల్ సిల్వర్ అనే మిశ్రమ లోహంతో చేసిన ఈ పట్టా ఎనిమిదడుగులకు 25 డిగ్రీల వేడి తేడాలో దాదాపు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. ఒక్క మిల్లీమీటరే, కానీ రెండు కొసలూ బిగించి ఉంటే అది పక్కకు పొంగక తప్పదు. రెండోసారి మా నాయనే దగ్గర కూర్చుని వేయించాడు. మూడడుగులకొక కీలు, కీలు దగ్గర పోస్టుకార్డు మందం సందు. చలికాలంలో వేస్తే సందు కాస్త ఎక్కువ, ఎండాకాలంలో వేస్తే తక్కువ. ముప్పై ఏళ్లు లైను మీద ఆయన చేసిన పని ఏంటో నాకు ఆ రెండు రోజుల్లోనే సరిగ్గా తెలిసింది. బల్లకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడండి, కింద వైపు కూడా పెయింట్ వెయ్యండి, లేకపోతే వానాకాలంలో అదీ వంగుతుంది. కొండలకు థర్మాకోల్ పర్వాలేదు గానీ, రేకుల గదిలో గ్లూ గన్‌తో అతికించినవన్నీ మేలో ఊడిపోతాయి. ఫెవికాలే నమ్మకం.

నేల కోసం ఏమీ కొనొద్దు. నాపరాయి పొడిని టీ వడకట్టే జల్లెడతో ఒకసారి, పాత వోణీ గుడ్డతో ఒకసారి జల్లిస్తే ముతక, సన్న రకాలు రెండూ వస్తాయి. ముక్కుకు మాస్క్ కట్టుకోండి. పొడిలో అయస్కాంతం తిప్పి ఇనుప రజను తీసెయ్యండి, ముఖ్యంగా మోటారు ఇంజిన్ నడపాలనుకుంటే. పాలిష్ ఫ్యాక్టరీ పొడిలో ఆ రజను ఉంటుంది, అది మోటారులోకి చేరితే ఇంజిన్ పాడవుతుంది. పొడి చల్లి, నీళ్లు స్ప్రే చేసి, సగానికి సగం నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, సిరంజితో చుక్కచుక్కగా వదలండి. ఆ లిక్విడ్ లేకపోతే జిగురు పొడి మీదే బంతుల్లా నిలబడి లోపలికి ఇంకదు. ఒక రాత్రి ముట్టుకోవద్దు.

రంగుల్లో ఆకుపచ్చ తగ్గించండి. గని, బట్టీ ఉన్నచోట సున్నపు దుమ్ము ఆకుల మీద కూడా ఉంటుంది. తెలుపులో చిటికెడు బూడిద రంగు కలిపి, దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో అన్నిటి మీదా తేలిగ్గా రాయండి.

ఇంతవరకూ నాకైన ఖర్చు, మొదటి సెట్టు వదిలేస్తే, నాలుగు వేల లోపే. మీరు ముందు ఒక అట్ట మీద మీ బల్లంత కొలత గీసి, సరుకు ఎక్కే చోటు, దిగే చోటు గుర్తు పెట్టి ఆ ఫోటో ఇక్కడే పెట్టండి. వాలు ఎంత రావాలో లెక్క చూసి చెప్తాను. రాతి పొడి, దిమ్మెలకు ముక్కలు మీకు అక్కడ దొరక్కపోతే చెప్పండి, మా వీధిలో గుట్టలుగా ఉన్నాయి. ఒక సంచి జల్లించి పెడతాను.